పసివాళ్ళొస్తున్నారు, రాజాని ఎవరు చూస్తారు?

వదినగారూ, వదినగారూ! స్టవ్ మీద ఏమీ లేకపోతే ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రండి. మీ అమ్మాయి పిల్లలిద్దర్నీ తీసుకుని దసరాకి వస్తోందటగా! ఇందాక కూరగాయల బండి దగ్గర అన్నయ్యగారు చెప్పారు. మనవరాలికి ఐదేళ్ళు, మనవడు ఇప్పుడిప్పుడే తప్పటడుగులు. హైదరాబాదు నుంచి సూరత్ పక్కనున్న మన డుమస్ దాకా వచ్చి, పండగ వెళ్ళేదాకా అమ్మమ్మ దగ్గర ఉంటారంటే ఇంతకన్నా ఏం కావాలి! ఆ మాట విన్నప్పట్నుంచీ నా మనసులో ఒకటే ప్రశ్న. వాళ్ళున్నన్నాళ్ళూ మీ కుక్క రాజాని ఎవరు చూస్తారు?

ఇంటినిండా మనుషులుంటారు కదా అంటారా? అక్కడే ఉంది చిక్కంతా. ఇంటినిండా మనుషులున్నప్పుడు, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతివాళ్ళూ అనుకుంటారు. తీరా చూసేవాళ్ళు ఒక్కరూ ఉండరు. మీరు గారెలు వేస్తుంటారు. అమ్మాయి ఫోను మాట్లాడుతుంటుంది. అన్నయ్యగారు పేపరు అడ్డం పెట్టుకుని కూచుంటారు. పసివాడు నడుచుకుంటూ వెళ్ళి నిద్రపోతున్న రాజా చెవి పట్టుకు లాగుతాడు. ఆ తర్వాత జరిగేదానికి క్షణం పట్టదు. మనం "ఏయ్" అనేలోపే అయిపోతుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకోండి. కుక్కా పసివాడూ ఒకే గదిలో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు "ఇప్పుడు నేను చూస్తున్నా" అని పైకి చెప్పాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం ఉండకూడదు. చెయ్యి చాపితే బాబునో కుక్కనో అందుకునేంత దగ్గర్లో కూచోవాలి. లేవాల్సొస్తే "అమ్మా, నేను లేస్తున్నా, నువ్వు చూడు" అని అప్పజెప్పి, అవతలివాళ్ళు సరే అన్నాకే లేవాలి. అప్పజెప్పడానికి ఎవరూ లేకపోతే మధ్యలో తలుపు వేసెయ్యాలి. చూసే మనిషో, వేసిన తలుపో, రెంట్లో ఒకటి ఉండి తీరాలి. మిగతా నేను చెప్పబోయేవన్నీ ఇందులోంచి వచ్చేవే.

రాజా మనసు నాకు తెలియదా వదినగారూ! గేటు చప్పుడైతే చాలు, పరిగెత్తుకొచ్చి నా చేతిలో తల పెడతాడు. వాడి మీద అనుమానంతో చెప్పడం లేదు. విదేశాల్లో లెక్కలు తీస్తే చిన్నపిల్లల్ని కరిచినవాటిలో ఎక్కువ భాగం సొంత కుక్కలో, బాగా తెలిసినవాళ్ళ కుక్కలో అని తేలింది. అందులో ఆశ్చర్యమేముంది? తెలిసిన కుక్క దగ్గరే కదా మనం పిల్లల్ని నిశ్చింతగా వదిలేది.

2025 మే నెలలో అహ్మదాబాదు హాథీజణ్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా. నాలుగు నెలల పసిపాప. అపార్ట్‌మెంటు ఆవరణలో పెంపుడు రాట్‌వీలర్ మీద పడి చంపేసింది. గొలుసు పట్టుకున్న మనిషి ఫోనులో మాట్లాడుతుండగా కుక్క చెయ్యి జారిపోయిందని పేపర్లలో రాశారు. ఆ తర్వాతే మన సూరత్ కార్పొరేషనువాళ్ళు కూడా గట్టిగా పట్టుకున్నారు. కుక్క లైసెన్సు కావాలంటే పది మంది ఇరుగుపొరుగు తమకి అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు. చాలామంది విసుక్కున్నారు గానీ నాకైతే అది మంచి పనే అనిపించింది. పక్కింటి కుక్కకి సంతకం పెట్టామంటే, ఆ కుక్క క్షేమంలోనూ ఆ ఇంటికొచ్చే పిల్లల క్షేమంలోనూ మనకీ భాగం ఉందని ఒప్పుకున్నట్టే. రాజా కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. ఆ చనువుతోనే ఇదంతా చెప్తున్నాను.

ముందు పిల్లల సంగతి మాట్లాడుకుందాం. ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ మైంట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్ళు చిన్నపిల్లలకి కుక్కల ముఖాలు చూపించి, ఈ కుక్క ఎలా ఉందో చెప్పమని అడిగారు. పళ్ళు బయటపెట్టి కోపంగా ఉన్న కుక్కని చూసి చాలామంది చిన్నవాళ్ళు సంతోషంగా ఉంది, నవ్వుతోంది అన్నారు. మనకి భయం వేసే ముఖమే వాళ్ళకి ముద్దొస్తుంది! దగ్గరికెళ్ళి ముఖంలో ముఖం పెడతారు. పసివాడి ముఖమూ కుక్క మూతీ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి, ఆ వయసువాళ్ళకి దెబ్బ ఎక్కువగా బుగ్గ మీదో, పెదవి మీదో, మెడ మీదో పడుతుంది.

వాళ్ళకి చదవడం రాదు గనక మనం చదవాలి. కుక్కకి కోపం ఒక్కసారిగా రాదు. ముందు ముఖం పక్కకి తిప్పుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తినడానికేమీ లేకపోయినా మూతి నాక్కుంటుంది. తల కదపకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి చూస్తుంది, అప్పుడు కంట్లో తెల్లభాగం కనిపిస్తుంది. లేచి వెళ్ళిపోవాలని చూస్తుంది. అదీ కుదరకపోతే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకోవడం కనిపించిందా, ఇక మాటల్లేవు, పసివాణ్ణి ఎత్తేసుకోవాలి. కంగారుగా కేకలు పెట్టకుండా మెల్లగా, కుక్కకి దారి వదిలి.

ఆ తర్వాతి మెట్టు గుర్రుమనడం. చాలా ఇళ్ళలో కుక్క గుర్రుమంటే "పసివాడి మీదే గుర్రుమంటావా" అని ఒకటి వేస్తారు. వద్దు వదినగారూ. నోరులేని జీవం, "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పుకోడానికి దానికున్నది ఆ ఒక్క మాట. కొట్టి ఆ మాట మాన్పిస్తే ఇబ్బంది పోదు, ముందస్తు హెచ్చరిక మాత్రమే పోతుంది. రేపు చెప్పకుండా కరుస్తుంది. మొరిగే కుక్క కరవదు అంటారే, ఆ సామెతని నమ్ముకుని పిల్లల్ని దగ్గరికి పంపకండి. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. గుర్రుమంటే బాబుని తీసుకుని పక్కకి రండి. ఎందుకంది, ఎక్కడ పడుకున్నప్పుడంది, నోట్లో ఏముందో అప్పుడు తీరిగ్గా ఆలోచించండి.

మీ మనవరాలికి మాత్రం నేర్పచ్చు, ఐదేళ్ళది కదా. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఏదైనా నములుతున్నప్పుడు రాజా జోలికి వెళ్ళకూడదు. మెడ కౌగిలించుకోకూడదు, మీద ఎక్కకూడదు. ముద్దు చెయ్యాలనిపిస్తే పిలవాలి, వాడే దగ్గరికి రావాలి. ఛాతీ మీద ఒక చేత్తో మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిమిరి, చెయ్యి తీసెయ్యాలి. వాడు మళ్ళీ దగ్గరికి జరిగితే ఇంకో మూడంకెలు. ముఖం తిప్పుకుంటే వదిలెయ్యాలి. దీన్ని ఆటలా నేర్పితే పిల్లలు మనకన్నా బాగా పట్టుకుంటారు. పరిగెత్తుకొచ్చే కుక్క ఎదురైతే అరవకుండా, పరిగెత్తకుండా, చేతులు కట్టుకుని నేల చూస్తూ చెట్టులా నిలబడమనండి. చిన్నవాడికి ఏదీ నేర్పలేం, వాడికి మన కళ్ళే కాపలా.

అబ్బ, ఈ విమానం పోనివ్వండి, ఒక్క ముక్క వినపడదు. ఎయిర్‌పోర్టు పక్కన ఉన్నందుకు మనకిది తప్పదుగా.

ఆఁ, బొమ్మల సంగతి. ఈసారి మీరు బొమ్మల కొలువు పెడుతున్నారా? పెట్టండి, పిల్లలకి చూపించాలి కదా. కానీ కొండపల్లి బొమ్మలు కింది మెట్ల మీద పెట్టకండి. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన. కుక్క దవడలో పడితే ఒక్క నొక్కుకి పేళ్ళుగా చీలిపోతుంది. ఆ పేళ్ళు చిగుళ్ళలో, గొంతులో గుచ్చుకుంటాయి. పై మెట్ల మీద అవి పెట్టి, కింద ఇత్తడివో రాతివో పెద్దవి పెట్టండి. వీలైతే కొలువున్న గదికే అడ్డు పెట్టెయ్యండి.

పిల్లల బొమ్మలూ రాజా బొమ్మలూ కలవనివ్వకండి. దూది ఎలుగుబంటి తనదా, బాబుదా అని రాజాకి ఎలా తెలుస్తుంది? రెండూ మెత్తనే, రెంటికీ బొచ్చే. రెండు బుట్టలు పెట్టండి, రాజాది వరండాలో, పిల్లలది లోపల. ఆట అయిపోగానే ఎవరిది వాళ్ళ బుట్టలోకి వెళ్ళిపోవాలి. కింద కూచుని ఒకసారి నేలంతా వెతకండి కూడా. పాటలు పాడే బొమ్మల్లో బొత్తాల్లాంటి బ్యాటరీలుంటాయే, అవి చాలా ప్రమాదం. పసివాడి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. కుక్క కొరికినా అంతే. అయస్కాంతం ముక్కలూ అలాంటివే. రెండు మింగితే పేగుల్లో అటొకటి ఇటొకటి అతుక్కుని మధ్యలో పేగుని నొక్కేస్తాయి.

రాజా బొమ్మల్ని కూడా రోజూ చేత్తో తడిమి చూడండి. నొక్కితే కీచుమనే బొమ్మల్లో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. కుక్క చూపంతా దాని మీదే. చింపి, తీసి, మింగేదాకా ఊరుకోదు. కుట్టు ఊడిందంటే ఆ బొమ్మ పని అయిపోయినట్టే. బంతి కొనేటప్పుడు వాడి నోటికన్నా పెద్దది కొనండి. వెనక దవడ పళ్ళు దాటి గొంతువైపు జారేంత చిన్న బంతి తడిస్తే ఇట్టే జారిపోయి ఊపిరికి అడ్డం పడుతుంది. టెన్నిస్ బంతి విసరడానికి బాగానే ఉంటుంది గానీ నమలడానికి ఇవ్వకండి. ఆ పైనున్న నూగూ, అందులో చేరిన ఇసుకా కలిసి పళ్ళని అరగదీస్తాయి.

ఇక్కడ ఇంకో సంగతి. గర్బా రాత్రులొస్తున్నాయి. పిల్లలు దాండియా కర్రలు తెచ్చి ఇల్లంతా పారేస్తారు. కర్ర కనపడగానే రాజాకి విసిరి, తెమ్మని ఆడించబుద్ధవుతుంది ఎవరికైనా. ఆ ఆటే వద్దంటారు పశువుల డాక్టర్లు. విసిరిన కర్ర ఒక కొస నేలలో గుచ్చుకుని నిలబడితే, పరిగెత్తుకెళ్ళిన కుక్క నోట్లో రెండో కొస దిగిపోతుంది. విసరడానికి రబ్బరుది కొనండి.

ఇక గర్బాకి కట్టుకునే చనియా చోళీలకి ఎన్ని కుచ్చులు, ఎన్ని దారాలు, గవ్వలు, అద్దాలు! కుక్కను తెచ్చి అందలంలో కూచోబెడితే కుచ్చులన్నీ కొరికిందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అసలే మనం చీరల ఊళ్ళో ఉన్నాం. జరీ, లేసు, పూసల పని ఇంటింటా ఉంటుంది. దారం ముక్క నేల మీద కనపడితే మనకి చెత్త, కుక్కకీ పిల్లికీ ఆట. అది కడుపులోకి పోతే ఏమవుతుందో తెలుసా? ఒక కొస ఎక్కడో పట్టుకుంటుంది, పిల్లులకైతే ఎక్కువగా నాలుక మొదట్లో. రెండో కొస పేగుల్లోకి పోతుంది. పేగు కదులుతూ దాన్ని ముందుకు తొయ్యాలని చూస్తుంది, దారం కదలదు. లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చుకుపోయినట్టు పేగు మొత్తం దారం మీదికి కుచ్చుకుపోతుంది. బిగిసిన దారం పేగుని కోసేస్తుంది కూడా.

మా పిల్లి బుజ్జిని టీకాకి తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు దారం కోసం ఎలా చూడాలో చూపించారు. ఒక చేత్తో దాని తల వెనక నుంచి పట్టుకుని, రెండో చేతి వేలితో కింది దవడ తెరిచి, బొటనవేలితో గడ్డం కింద రెండు ఎముకల మధ్య మెత్తని చోట పైకి నొక్కారు. నాలుక దానంతటదే లేచింది. కింద గులాబీ రంగు చర్మం, మధ్యలో నాలుకని పట్టుకున్న సన్నని పొర. దారం ఉంటే సరిగ్గా ఆ పొర వెనక చుట్టుకుని ఉంటుందిట. ఉంటే లాగకూడదని గట్టిగా చెప్పారు. నోట్లోంచి వేలాడినా, వెనకనుంచి బయటికొచ్చినా సరే, లాగితే లోపల పేగు తెగుతుంది. ఎలా ఉన్నదాన్ని అలా ఆసుపత్రికి తీసుకెళ్ళడమే. తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే ఇల్లంతా దారం కోసం వెతికి, ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి.

నమిలే వస్తువులు ఏం ఇస్తున్నారు రాజాకి? పెట్ షాపులో తోలు చుట్టి ఎముకలా ముడేసినవి అమ్ముతారే, అవి నాకు నచ్చవు. నానాక మెత్తబడి పెద్ద ముక్క ఊడుతుంది, కుక్క దాన్ని గుటుక్కున మింగుతుంది, కడుపులో అది ఇంకా ఉబ్బుతుంది. ఉడికించిన ఎముక అసలే వద్దు, కోడిదైనా మేకదైనా. ఉడికితే పెళుసై సూదుల్లా విరుగుతుంది. చుట్టాలు ప్రేమకొద్దీ కంచంలోంచి విసిరేది అదే, వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. మరీ గట్టివి, కొమ్ములు, గిట్టలు, హిమాలయాల నుంచి వచ్చే చుర్పీ లాంటివి, పై దవడలో పక్కనుండే పెద్ద పన్ను పెచ్చులూడేలా చేస్తాయి. కొనేముందు బొటనవేలి గోరుతో నొక్కండి. నొక్కు పడకపోతే అది ఆ పంటికి మించిన గట్టిదే. తినితిని చిన్న ముక్క మిగిలినప్పుడు మరీ జాగ్రత్త, ఎవరైనా లాక్కుంటారేమోనని మింగేస్తాయి. ఆ చివరి ముక్క మనం తీసేసుకోవాలి.

ఎలా తీసుకోవాలంటారా? లాక్కోకూడదు. నిన్న సాయంత్రం మా కుక్క చుక్కకి ఎండబెట్టిన మేక చెవి ఇచ్చాను. వరండాలో ఉయ్యాల బల్ల కింద పడుకుని, ముందు కాళ్ళ మధ్య పెట్టుకుని నములుతోంది. నేను నాలుగడుగుల దూరంలోకి రాగానే నమలడం ఆపింది. తల కొంచెం కిందికి దించి మేక చెవిని గడ్డంతో కప్పింది. కళ్ళు మాత్రం పైకెత్తి నన్ను చూస్తోంది, తోక కదలడం లేదు. నేను అక్కడే ఆగిపోయాను. చేతిలో ఉడికించిన గుడ్డు ముక్కలున్నాయి, ఒకటి దాని ముక్కు దగ్గర పడేలా వేశాను. తింది. రెండోది రెండడుగుల అవతల. మెడ చాపి తింది. మూడోది బల్ల దాటి. లేచి వెళ్ళింది. అప్పుడు వంగి మేక చెవి తీశాను, కొస మెత్తబడిందేమో చూశాను, తిరిగొచ్చిన చుక్కకి మళ్ళీ ఇచ్చేశాను. ఆ తిరిగిచ్చేయడమే అసలు పాఠం. మనిషి చెయ్యి దగ్గరికొస్తే ఏదీ పోదు, ఇంకా మంచిది వస్తుంది అని దానికి తెలియాలి. అది తెలిసిన కుక్క దాచుకోదు, గుర్రుమనదు. రోజూ చేస్తే రాజా కూడా నేర్చుకుంటాడు. కానీ ఇది పెద్దవాళ్ళు చేసే పని. పిల్లల చేత ఒక్కసారైనా చేయించకండి, "చూడు తాతయ్యా, నేను తీసుకున్నా" అని పిల్ల తర్వాత ఒంటరిగా చేస్తుంది.

చూడ్డానికి ఎవరూ లేనప్పుడు తలుపు వేసెయ్యమన్నానుగా. లోపలున్న రాజాకి ఏం తోచాలి? రబ్బరు బొమ్మ ఒకటుంది, లోపల బోలుగా ఉంటుంది, కాంగ్ అంటారు. దాని పుట్టుక కూడా మనం చెప్పుకుంటున్న ఈ నమలడానికి సంబంధించినదే. 1970లలో అమెరికాలో జో మార్‌కమ్ అనే ఆయన పెంచిన జర్మన్ షెపర్డ్, పేరు ఫ్రిట్జ్, రాళ్ళు నమిలి పళ్ళు పాడుచేసుకునేదిట. పాత ఫోక్స్‌వ్యాగన్ బండి బాగుచేస్తూ ఆయన తీసి పడేసిన రబ్బరు ముక్క దానికి బాగా నచ్చింది. దాన్ని చూసి తయారుచేసిందే ఈ బొమ్మ. అందులో ఉప్పులేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడికాయ కూరి ఫ్రీజర్లో పెట్టి ఇస్తే చాలాసేపు నాక్కుంటూ ఉంటాడు. ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ మాత్రం అందులో పడకూడదు, అన్నీ కుక్కలకి విషమే. ఏ బోలు బొమ్మైనా రెండు కన్నాలున్నదే కొనండి. ఒకే కన్నం ఉంటే గాలి పీల్చుకుని నాలుక లోపలే ఇరుక్కుపోతుంది. మొదటి కొన్నిసార్లు మీరు చూస్తుండగా ఇచ్చి, కొరికి తినే రకం కాదని తెలిశాకే ఒంటరిగా ఇవ్వండి. లోపల మూసినందుకు శిక్ష అనుకోకుండా, అది తన విందు వేళ అనుకునేలా పిల్లలు రాకముందే అలవాటు చెయ్యండి.

మా చుక్కా మీ రాజా కలిసి ఆడుకుంటారు కదా, అది ఇలాగే సాగనిద్దాం. కానీ నమిలేది ఏదైనా ఇచ్చేటప్పుడు దేనిల్లు దానిదే. ఎంత స్నేహమున్నా తిండి మధ్యలోకి వస్తే రెండు కుక్కల లెక్క మారిపోతుంది. ఆడేటప్పుడు కూడా చూస్తుండండి. ఇది కాసేపు తరిమి, అది కాసేపు తరిమి, మధ్యలో ఆగి ఒళ్ళు దులుపుకుంటే మంచి ఆట. ఒకటే తరుముతూ, రెండోది తోక కాళ్ళ మధ్య పెట్టి కుర్చీల కింద దూరుతుంటే ఆపాలి. ఒకవేళ కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకండి, నీళ్ళు కుమ్మరించండి, దుప్పటి విసరండి. మా బుజ్జికైతే ఎత్తున ఎక్కడానికి అలమారా పైన చోటుంచాను. తప్పించుకునే దారున్న పిల్లి పంజా విసరదు, చుక్క కంటికి గాయం కాదు.

సాయంత్రాలు పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్తారుగా, అక్కడా ఇదే పద్ధతి. దరియా గణేశ్ గుడిలో దర్శనం, నల్ల ఇసుకలో ఆట, ఆపైన టమాటా భజియా, కంద్ పూరీ. పిల్ల చేతిలో పొట్లం ఉందంటే వీధికుక్కలు నాలుగు చుట్టూ చేరతాయి. పొట్లం ఎత్తి పట్టుకుని పిల్ల పరిగెత్తిందంటే అవీ పరిగెత్తుతాయి. కూచోబెట్టి, మీ ఇద్దరి మధ్యన తినిపించండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుకి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఒంటరిగా నడుస్తున్న పసివాడు, గుంపు కుక్కలు. నాలుగడుగులే కదా అని కూడా చెయ్యి వదలకండి.

రాజాని తీసుకొస్తే గొలుసు పొట్టిగా పట్టుకోండి. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే బండ్ల దగ్గర తిని పారేసిన బెండ్లు ఉంటాయి చూడండి, వెన్నా కారం అంటుకుని కమ్మటి వాసన. కుక్క ఒక్క గుటకలో మింగేస్తుంది. అది అరగదు. చిన్నపేగులో బిరడాలా అడ్డం పడి ఆపరేషను దాకా వెళ్తుంది, అదీ ఒక్కోసారి కొన్నాళ్ళు గడిచాక. అందుకే ఆ బండ్ల వైపు వెళ్ళకుండా తడి ఇసుక మీద నడిపించండి. బంతి ఆట ఎక్కువసేపు వద్దు, ప్రతిసారీ బంతితోపాటు కాస్త ఇసుకా లోపలికి పోతుంది. తాగడానికి ఇంటినుంచి నీళ్ళు పట్టుకెళ్ళండి, ఉప్పునీళ్ళు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంత జాగ్రత్తపడ్డా ఏదైనా జరిగితే? చిన్న గీరుపడినా, పంటి గాటు పడినా, ముందు పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి ఏదీ అద్దకూడదు. ఆ వెంటనే సూరత్ సివిల్ ఆసుపత్రికో స్మీమేర్ ఆసుపత్రికో తీసుకెళ్ళాలి. రాజాకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారు, ఆ కార్డు పట్టుకెళ్ళండి, టీకా వద్దో కావాలో డాక్టరు చెప్తారు. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లని మన చిన్నప్పుడు భయపెట్టేవాళ్ళే, ఆ పాత మందు మన దేశంలో 2004 తర్వాత లేదు. ఇప్పుడు భుజానికి వేస్తారు, పిల్లలకైతే తొడకి. కండకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 14, 28వ రోజుల్లో. గాయం రక్తం వచ్చేలా ఉంటే దాని చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్ళలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. చాలాసార్లు తిడతారేమోనని పిల్లలు చెప్పరు కూడా. అందుకే మనవరాలికి ముందే చెప్పండి, గీరుపడితే వెంటనే చెప్పాలి, ఎవరూ కోప్పడరని.

కుక్కకి ఏదైనా గొంతులో అడ్డంపడితే నోరు తెరిచి చూడండి. కనిపిస్తూ అందేలా ఉంటేనే తియ్యండి, గుడ్డిగా వేలు పెట్టి లోపలికి తొయ్యకండి. అందకపోతే వెనకనుంచి పట్టుకుని, పక్కటెముకలు ముగిసేచోట రెండు చేతులతో లోపలికీ ముందుకీ గట్టిగా నొక్కుతూ, ఇంకొకళ్ళు బండి తీసేలోపు ప్రయత్నించాలి. పశువుల ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ మీద అతికించండి.

ఇక వాళ్ళు దిగే రోజు సంగతి. ఆ రోజు పొద్దున్నే రాజాని నేను చుక్కతోపాటు బాగా నడిపించి తీసుకొస్తాను, అలిసిన కుక్క నెమ్మదిగా ఉంటుంది. కారు దిగగానే ఎదురు పంపకండి. పిల్లలు లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, స్థిమితపడ్డాక అన్నయ్యగారు గొలుసు పట్టుకుని తీసుకురావాలి. మొదటిరోజు దూరంనుంచి వాసన చూసుకోవడం చాలు. బాబుకి కింద కూచోబెట్టి అన్నం తినిపిస్తారు కదా, ఆ వేళల్లో రాజా ఎప్పుడూ తలుపవతలే ఉండాలి, నేల మీద మెతుకులు తుడిచాకే లోపలికి. గారెలు, పులిహోర హడావుడి ఉన్న రోజున వాణ్ణి మా ఇంట్లో వదిలెయ్యండి, వాణ్ణీ చుక్కనీ వేరు వేరు గదుల్లో ఉంచి నేను చూసుకుంటాను.

హాలుకీ వరండాకీ మధ్యన మీకు తలుపు లేదు గదా, అక్కడొక చిన్న గేటు పెట్టుకోవాలి. మావారు ఆదివారం అడాజణ్ వెళ్తున్నారు, తెస్తారు. ఎత్తు రాజా దూకలేనంత ఉండాలి, ఊచల మధ్య బాబు తల దూరకూడదు. గోడ నుంచి గోడకి వెడల్పెంతో టేపు పెట్టి సరిగ్గా కొలిచి, సాయంత్రంలోగా నాకు చెప్పండి.